కొత్త ల్యాప్‌టాప్‌తో మొదటి ఆదివారం

కర్నూలు నుంచి అటు హైదరాబాదుకీ ఇటు బెంగళూరుకీ హైవే ఒకటే. ఊళ్ళో చాలా ఇళ్ళ పిల్లలు ఆ రెండు నగరాల్లో ఏదో ఒకచోట ఉద్యోగం చేస్తుంటారు. రిటైరైన తండ్రికో, ఇంట్లో చీరల వ్యాపారం లెక్కలు రాసుకునే తల్లికో కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చేది వాళ్ళే. శనివారం పొద్దున బస్సు దిగుతారు. మధ్యాహ్నం భోజనమయ్యాక డబ్బా విప్పి ముప్పావు గంటలో అంతా సెట్ చేసేస్తారు. "నాయనా, అయిపోయింది. ఏదొచ్చినా ఓకే నొక్కొద్దు, తెలియని లింకులు ముట్టుకోవద్దు, డౌటొస్తే నాకు ఫోన్ చెయ్" అని చెప్పి ఆదివారం రాత్రి బస్సెక్కుతారు. ఆ ముప్పావు గంటా తండ్రి పక్కన కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉంటాడు. మౌసు మాత్రం ఒక్కసారి కూడా ఆయన చేతికి రాదు.

తర్వాత వచ్చే చిక్కులన్నిటికీ మొదలు అక్కడే ఉంది. ఇంటి కంప్యూటర్‌ని కాపాడే పనులు రెండు రకాలు. ఒకసారి చేసిపెడితే యంత్రమే చూసుకునేవి కొన్ని: అప్‌డేట్లు, యాంటీవైరస్, డిస్క్ లాక్ లాంటివి. ఎదురైన ప్రతిసారీ మనిషే తేల్చుకోవాల్సినవి కొన్ని: ఈ ఫోన్ నమ్మాలా, ఈ బటన్ నొక్కాలా అన్నవి. మొదటి రకం గురించి పెద్దవాళ్ళకి పాఠం చెప్పనక్కర్లేదు, వాళ్ళ చేత్తో చేయిస్తే చాలు. రెండో రకం నాలుగైదుకు మించవు, వాటిని మాత్రం కూర్చుని నేర్పాలి. మన ఇళ్ళలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. చేయించాల్సినవి పిల్లలే చేసేస్తారు, నేర్పాల్సినవి గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ మూడు ముక్కల్లో చెప్పేస్తారు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చేది అకౌంటు విషయం. విండోస్ 11 హోమ్ ఉన్న ల్యాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేయగానే ఇంటర్నెట్ కావాలంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంటు అడుగుతుంది. తండ్రికి ఈమెయిల్ ఉందో లేదో, ఉంటే పాస్‌వర్డ్ ఏమిటో వెతకడం పెద్ద పని. అందుకని కొడుకు తన అకౌంటే వేసేస్తాడు. ఆ క్షణానికి పని సులువవుతుంది. అయితే వెనకాల ఇంకోటి జరుగుతుంది. 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సెటప్ చేసిన కొత్త కంప్యూటర్లలో చాలావాటిలో డిస్క్ మొత్తం దానంతట అదే లాక్ అయిపోతుంది. దీన్ని డివైస్ ఎన్‌క్రిప్షన్ అంటారు. ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడినా డిస్క్ ఊడదీసి చదవలేడు కాబట్టి ఇది మంచిదే. ఆ తాళానికి ఒక మారు తాళంచెవి ఉంటుంది, 48 అంకెల రికవరీ కీ. అది సెటప్ చేసిన మైక్రోసాఫ్ట్ అకౌంటులోకి వెళ్ళి కూర్చుంటుంది.

మామూలు రోజుల్లో దాని అవసరమే రాదు. ఏడాదిన్నర తర్వాత ఒకరోజు మదర్‌బోర్డు పోయి షాపువాళ్ళు మార్చారనుకుందాం, లేదా బయోస్ (ఆన్ చేయగానే కంప్యూటర్‌ని లేపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయిందనుకుందాం. ఆన్ చేయగానే నీలం స్క్రీన్ మీద రికవరీ కీ ఇవ్వమని అడుగుతుంది. ఆ 48 అంకెలు లేకపోతే లోపలున్న మనవరాలి ఫొటోలు, పెన్షన్ కాగితాల స్కాన్లు, పొలం దస్తావేజుల కాపీలు ఏవీ తిరిగి రావు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు కూడా తెరవలేరు. ఆ కీ కొడుకు ఎప్పుడో వాడి వదిలేసిన పాత ఈమెయిల్ అకౌంటులో ఉంటే, దాని పాస్‌వర్డ్ కొడుక్కీ గుర్తులేకపోతే, దొంగల కోసం వేసిన తాళం ఇంటివాళ్ళనే బయట నిలబెడుతుంది.

అందుకే మొదటి ఆదివారం గంటసేపు పోయినా సరే, తండ్రి పేరు మీద తండ్రి ఫోన్ నంబరుతోనే అకౌంటు తెరవాలి. తర్వాత ఆ అకౌంటు పేజీలో డివైసెస్ కింద ఉండే రికవరీ కీని ఆయన చేతే చూపించుకుని కాగితం మీద రాయించాలి. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటుంది. ఒకరు చదువుతుంటే ఒకరు రాసి, మళ్ళీ ఒకసారి సరిచూసుకోవాలి. ఆ కాగితం ఇంటి దస్తావేజులున్న ఫైల్లోకి పోవాలి. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లో ఆయనకి ఒక సంగతి తెలిసిపోతుంది: ఈ యంత్రానికి తాళం ఉంది, తాళంచెవి తన దగ్గరుంది. ఎన్‌క్రిప్షన్ అనే మాట కూడా వాడనక్కర్లేదు.

కాగితం అనగానే చాలామంది కంప్యూటర్ తెలిసిన పిల్లలు అడ్డం పడతారు, పాస్‌వర్డ్ ఎక్కడా రాయకూడదని. ఆఫీసులో అది సరైన మాటే. పదిమంది తిరిగే చోట మానిటర్‌కి చీటీ అంటిస్తే ప్రమాదం. ఇంటి సంగతి వేరు. బుధవారపేటలో ఉండే పెద్దావిడ ఈమెయిల్ దోచుకోవాలనుకునేవాడు ఎక్కడో దూరాన ఫోన్ ముందు కూర్చుని ఉంటాడు, ఆవిడ బీరువా తెరవడానికి రాడు. బీరువాలో నగల పక్కన పెట్టిన చిన్న నోటుబుక్కు ఆ దొంగకి అందదు. రాసుకోవద్దన్నామంటే జరిగేది ఒకటే: అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్, అది కూడా పేరు పక్కన 123, లేకపోతే పుట్టిన సంవత్సరం. ఏదో ఒక షాపింగ్ సైటు నుంచి ఆ పాస్‌వర్డ్ బయటికొస్తే, దొంగలు అదే తీసుకెళ్ళి ఈమెయిల్‌కీ బ్యాంకుకీ వేసి చూస్తారు. కాబట్టి నోటుబుక్కు పెట్టుకోమని చెప్పడమే మంచిది. ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవద్దనీ, వాట్సాప్‌లో పిల్లలకి పంపొద్దనీ మాత్రం గట్టిగా చెప్పాలి.

ఇక పాస్‌వర్డ్ ఎలా ఉండాలన్నది. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి, మూడు నెలలకోసారి మార్చాలి అనే పద్ధతికి మూలం 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ అనే ఉద్యోగి రాసిన మార్గదర్శకం. ఆ సలహా చాలావరకు తప్పని 2017లో ఆయనే పశ్చాత్తాపపడ్డారు. అదే ఏడాది నిస్ట్ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. పాస్‌వర్డ్ పొడవుగా ఉండటం ముఖ్యమనీ, ఊరికే గడువు పెట్టి మార్పించొద్దనీ అందులో ఉంది. తెలుగు ఇళ్ళకి ఇది కలిసొచ్చే మాట. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా రాస్తే గట్టి పాస్‌వర్డ్ అవుతుంది. బురుజు, దోసకాయ, గొడుగు, ఉత్తరం లాంటివి. అచ్చంగా ఇవే మాత్రం వాడొద్దు. దేవుడి పేరు, ఊరి పేరు, సామెత, పాట పల్లవి వద్దు, అవి ఎవరైనా ఊహించగలరు. ఇందులో ఒక చిక్కుంది. తెలుగు మాటని ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. వంకాయకి మొదటి అక్షరం వీనా, డబ్ల్యూనా అన్నది ఆరు నెలల తర్వాత గుర్తుండదు. అందుకని నోటుబుక్కులో తెలుగులో కాకుండా, టైపు చేసినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో రాయించాలి.

ఇంత పొడుగు పాస్‌వర్డ్ రోజూ కొట్టాలా అని ఎవరికైనా భయమేస్తుంది. అక్కర్లేదు. రోజూ తెరవడానికి పిన్ చాలు. విండోస్ పిన్ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే పనిచేస్తుంది, అది తెలిసినా వేరే ఊళ్ళో కూర్చున్నవాడు ఏమీ చేయలేడు. ఏటీఎం పిన్ మాత్రం ఇక్కడ వేయొద్దు. ఈమెయిల్‌కి రెండంచెల తనిఖీ, అంటే పాస్‌వర్డ్‌తోపాటు ఓటీపీ కూడా అడిగే ఏర్పాటు, అదే రోజు ఆన్ చేయించాలి. ఓటీపీ గురించి మనవాళ్ళకి విడిగా చెప్పాల్సిన పనిలేదు, అది ఇప్పటికే ఇంటి మాట.

కొత్త ల్యాప్‌టాప్ తెరిచిన వారానికే ఒక పెట్టె మూలన తేలుతుంది. మీ రక్షణ ముగియబోతోంది, వెంటనే రెన్యూ చేయండి అని ఎర్రరంగులో అడుగుతుంది. చాలా కంపెనీలు ల్యాప్‌టాప్‌తోపాటే ఏదో ఒక యాంటీవైరస్‌ని ట్రయల్‌గా ఎక్కించి పంపుతాయి, ఆ హెచ్చరిక దానిదే. పెద్దవాళ్ళలో కొందరు భయపడి డబ్బు కడతారు. కొందరు విసుగొచ్చి ప్రతి హెచ్చరికనీ మూసేయడం అలవాటు చేసుకుంటారు. రెండోది మరీ ప్రమాదం, నిజమైన హెచ్చరిక వచ్చినా అలాగే మూసేస్తారు. విండోస్‌లో డిఫెండర్ అనే యాంటీవైరస్ ఉచితంగా వస్తుంది, మామూలు ఇంటి వాడకానికి అది చాలు. ట్రయల్‌ది తీసేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి, విండోస్ సెక్యూరిటీలో పచ్చ టిక్ గుర్తు కనిపిస్తుందో లేదో ఇంటి పెద్ద చేతే చూపించాలి. ఏది నిజమైన హెచ్చరిక అన్న ప్రశ్నకి ఆ టిక్ గుర్తే జవాబు. భయపెట్టేది ఏదొచ్చినా అక్కడికెళ్ళి చూడటం నేర్పితే సగం టెన్షన్ పోతుంది.

ఊళ్ళో ఎవరినైనా కంప్యూటర్ గురించి అడిగితే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఫ్రీగా ఎక్కించి ఇస్తామనేవాళ్ళు దొరుకుతారు. అలా డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీని, అంటే క్రాక్‌ని, ఎక్కించేటప్పుడు మొదట అడిగేది యాంటీవైరస్ ఆపమనే. కొత్త ఇంటికి తలుపు ఊడదీసి సామాను దించినట్టే. లెటర్ రాసుకోవడానికి, లెక్కలకి లిబ్రె ఆఫీస్ లాంటివి ఉచితంగానే ఉన్నాయి, తెలుగు టైపింగ్ కూడా అందులో బాగానే పనిచేస్తుంది.

అప్‌డేట్ల విషయంలో పెద్దవాళ్ళని తప్పుపట్టడం న్యాయం కాదు. అప్‌డేట్ అంటే వాళ్ళకి తెలిసింది పని మధ్యలో యంత్రం ఆగిపోవడమే. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళో, ఆఫ్ చేయొద్దు అనే స్క్రీన్ ముందు కూర్చోవడం ఎవరికైనా కష్టం. ఇక్కడ భయపెట్టడం కంటే కారణం చెప్పడం పనిచేస్తుంది, దానికి మన రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్ళన్నీ తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ వైరస్ దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది, దాదాపు రెండు నెలల ముందు. అప్‌డేట్ వేసుకున్నవాళ్ళ కంప్యూటర్లలోకి అది ఆ కన్నం గుండా దూరలేకపోయింది. ఈ కథ చెప్తే పెద్దవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది.

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు వదులుతుంది, మన టైము ప్రకారం ఆ రాత్రి పదిన్నర దాటాక. కాబట్టి క్యాలెండరులో ప్రతి నెలా రెండో మంగళవారం మర్నాటి బుధవారం మీద ఒక గుర్తు పెట్టుకోమంటే సరిపోతుంది. ఆ రోజు పొద్దున ఛార్జర్ పెట్టి, రీస్టార్ట్ చేసి, వంటింట్లోకో పూజకో వెళ్ళిపోవచ్చు. బ్యాటరీ నిండుగా ఉంటే కరెంటు పోయినా ల్యాప్‌టాప్‌కి ఏమీ కాదు. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ తప్పనిసరి. ఇంకో మాట. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విడిగా నమోదు చేసుకున్న ఇంటి వాడకందారులకి 2026 అక్టోబరు 13 వరకు గడువు ఇచ్చారు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తుందని కొనేవాళ్ళు, అందులో విండోస్ 11 ఎక్కుతుందో లేదో షాపులోనే అడిగి కొనాలి.

పిల్లలకి, మనవళ్ళకి వేరే అకౌంటు పెట్టాలి, అడ్మిన్ హక్కులు (కంప్యూటర్‌లో ఏదైనా ఎక్కించే, మార్చే అధికారం) లేకుండా. గేముల కోసం వాళ్ళు ఎక్కించబోయే వాటిలో చాలావాటికి పెద్దల పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇందులో ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

ఎక్కువ టైము ఇవ్వాల్సింది దీని తర్వాతి దానికి. కంప్యూటర్ కొత్తగా వాడేవాళ్ళ డబ్బు పోయేది ఎక్కువగా వైరస్ వల్ల కాదు, మాటల వల్ల. ఏదో సైటు చూస్తుండగా స్క్రీన్ నిండా ఎర్రటి పేజీ వస్తుంది, స్పీకర్లో గట్టిగా సైరన్ మోగుతుంది. మీ కంప్యూటర్ హ్యాక్ అయింది, ఆఫ్ చేయకండి, ఈ నంబరుకి ఫోన్ చేయండి అంటుంది. మౌసు కదిలినట్టు ఉండదు. ఫోన్ చేస్తే అవతలివాడు మర్యాదగా మాట్లాడి, దూరం నుంచి కంప్యూటర్‌ని నడిపే ఎనీడెస్క్ లాంటి యాప్ దించమంటాడు. అది ఎక్కిన దగ్గర్నుంచి స్క్రీన్ వాడి చేతిలో ఉంటుంది. జాగ్రత్తగా ఉండండి అని వందసార్లు విన్న మనిషి కూడా ఆ సైరన్ మోగినప్పుడు తడబడతాడు. అప్పుడు చెవి పనిచేయదు, చేతి అలవాటే పనిచేస్తుంది.

అందుకని దీన్ని రిహార్సల్ చేయించాలి. బ్రౌజర్‌లో ఏదో ఒక వీడియోని స్క్రీన్ నిండా పెట్టి, సౌండ్ పెంచి, "నాయనా, ఇప్పుడు ఇది పోగొట్టు" అనాలి. ఎస్కేప్ మీట కాసేపు నొక్కిపట్టుకుంటే స్క్రీన్ మామూలవుతుంది. తర్వాత ఆల్ట్‌తో ఎఫ్4 నొక్కితే బ్రౌజర్ మూసుకుంటుంది. అదీ కాకపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి ఆపేయాలి. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటావా అని అడిగితే వద్దనాలి. మూడుసార్లు చేయిస్తే వేళ్ళకి తెలిసిపోతుంది. ఆయనే నవ్వుతూ నాలుగోసారి చేసి చూపిస్తాడు. నిజమైన మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదన్న ఒక్క వాక్యం ఆ నోటుబుక్కు మొదటి పేజీలో రాయించాలి.

బెంగళూరు నుంచి కొడుకు కూడా దూరం నుంచే రిపేరు చేస్తాడు, విండోస్‌లోనే ఉన్న క్విక్ అసిస్ట్‌తో. మరి దొంగకీ కొడుక్కీ తేడా ఎలా తెలియాలి? దానికి ఒకటే నియమం. ఫోన్ మనం చేసి పిలిస్తే స్క్రీన్ ఇవ్వొచ్చు, వాళ్ళే ఫోన్ చేస్తే ఇవ్వకూడదు. కొడుకు గొంతుతో వచ్చినా సరే, పెట్టేసి కొడుకు నంబరుకి మళ్ళీ చేయాలి. ఈ నియమం కొడుకు కూడా పాటించాలి. తొందరలో ఉన్నాననీ, తనే ఫోన్ చేసి కోడ్ చెప్పమనీ ఒకసారి అడిగితే, నేర్పింది అంతా కొడుకే చెరిపేసినట్టు.

2024 నుంచి ఇంకో మోసం బాగా పెరిగింది. మీరు రోబో కాదని నిరూపించండి అంటూ విండోస్ మీటతో ఆర్ నొక్కమంటుంది, తర్వాత కంట్రోల్‌తో వీ నొక్కి ఎంటర్ కొట్టమంటుంది. అలా చేస్తే మనమే మన చేత్తో వైరస్‌కి ఆజ్ఞ ఇచ్చినట్టు అవుతుంది. ఏ సైటైనా మీటలు నొక్కమని అడిగిందంటే మూసేయాలి. అలాగే నోటిఫికేషన్లు పంపడానికి అలౌ నొక్కమని సైట్లు చూపించే చిన్న పెట్టెలకి బ్లాక్ నొక్కడం అలవాటు చేయాలి.

డబ్బు పోతే ఏం చేయాలన్నది చాలా ఇళ్ళలో ఎవరూ చెప్పరు, అసలు పోకూడదన్న ఆశతో. చెప్పాలి. 1930 నంబరు నోటుబుక్కులో పెద్దక్షరాల్లో ఉండాలి. అది సైబర్ మోసాలకి కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్. డబ్బు దొంగ ఖాతా నుంచి ఇంకో ఖాతాకి పోకముందే ఆపడానికి అక్కడ ప్రతి నిమిషం విలువైనదే. రిజర్వు బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా బయటివాళ్ళ వల్ల పోయిన డబ్బు గురించి మూడు పనిదినాల్లోగా బ్యాంకుకి చెప్తే ఆయన మీద భారం పడదు. ఓటీపీ తనే చెప్పేసి ఉంటే, బ్యాంకుకి తెలిపే వరకు జరిగిన నష్టం ఆయనదే. తెలిపాక జరిగింది బ్యాంకుది. కాబట్టి ఎలా పోయినా సరే, వెంటనే చెప్పడమే లాభం. చెప్పలేకపోవడానికి అసలు కారణం సిగ్గు. "ఇంత చదివిన మనిషివి, ఎలా నమ్మినావు నాయనా?" అని పిల్లలు ఒక్కసారి అంటే, రెండోసారి మోసం జరిగినప్పుడు ఆయన రెండు రోజులు దాస్తాడు. ఆ రెండు రోజుల్లోనే డబ్బు చేయిదాటిపోతుంది. తిట్టబోమని ముందే మాటివ్వడం కూడా ఈ సెటప్‌లో ఒక భాగం.

కర్నూలు లాంటి ఊళ్ళో కంప్యూటర్‌కి జబ్బు తగిలే ఇంకో చోటు జిరాక్స్ షాపు. ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్ ఇస్తే, తిరిగొచ్చేటప్పటికి ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి ఉంటాయి. అసలు ఫోల్డర్లు లోపల దాగి ఉంటాయి, షార్ట్‌కట్ నొక్కగానే వైరస్ ఇంటి కంప్యూటర్లోకి దిగుతుంది. షాపు కోసం ఒక పెన్‌డ్రైవ్ విడిగా పెట్టుకుని, ప్రింట్ చేయాల్సింది మాత్రమే అందులో వేసుకెళ్ళాలి, ఇంటికి రాగానే ఫార్మాట్ చేసేయాలి. ఆధార్ ప్రింట్ తీయిస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ వాడటం మేలు. డౌన్‌లోడ్ చేసిన ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని ధీమా వద్దు. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. ఆ పద్ధతి అందరికీ తెలుసు.

వైఫై పెట్టె వెనక స్టిక్కరు మీదున్న పాస్‌వర్డ్‌లు మార్చాలి, పైవాటాలో అద్దెకున్నవాళ్ళకి గెస్ట్ వైఫై వేరేగా ఇవ్వాలి. పెట్టె బిగించడానికి వచ్చిన అబ్బాయినే అడిగితే ఐదు నిమిషాల్లో చేసిపెడతాడు.

చివరికి మిగిలేది కాపీల సంగతి. దీని గురించి కర్నూలు వాళ్ళకి ఎవరూ నచ్చజెప్పనక్కర్లేదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీ మునిగినప్పుడు ఎన్నో ఇళ్ళలో బీరువాలే నీళ్ళలో నానాయి. టెన్త్ సర్టిఫికెట్లు, పెళ్ళి ఆల్బమ్‌లు, ఇంటి కాగితాలు బురదలోంచి తీసి ఎండకి ఆరబెట్టుకున్నవాళ్ళు ఇప్పటికీ ఊళ్ళో ఉన్నారు. ఇప్పుడు అవన్నీ స్కాన్ చేసి ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాం, కానీ ఉన్నది మళ్ళీ అదే ఇంట్లో. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో కాపీ తీసి పక్కనే పెట్టుకుంటే కరెంటు దెబ్బకీ డిస్క్ చెడిపోవడానికీ పనికొస్తుంది, వరదకీ దొంగకీ పనికిరాదు. ఎప్పుడూ తగిలించే ఉంచితే ఫైళ్ళకి తాళం వేసే వైరస్ దాన్నీ వదలదు, కాపీ అవగానే వైరు తీసేయాలి.

ముఖ్యమైన కాగితాలకి గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ చాలు. ఫొటోలు, వీడియోలు ఎక్కువుంటే డిస్కులు రెండు కొనాలి. ఒకటి కర్నూలులో, ఒకటి బెంగళూరులో. సంక్రాంతికి వచ్చేటప్పుడు అక్కడిది తెచ్చి కొత్త ఫైళ్ళు ఎక్కించి, ఇక్కడిది అక్కడికి తీసుకెళ్ళాలి, మళ్ళీ దసరాకి అలాగే. బ్యాగులో పెట్టుకునే ముందు ఆ డిస్కులోంచి ఒక ఫొటో, ఒక పీడీఎఫ్ తెరిచి చూడాలి. తెరిచేది నాయనే, కొడుకు పక్కన కుర్చీలో కూర్చుంటాడు.